నాన్నకు ఆయాసం, బెంగళూరు గాలి పడటం లేదు: హార్సిలీ కొండ కింద బి.కొత్తకోటలో కాపురం ఎలా ఉంటుంది?

పడమటిగాలి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు వైపు. నేనూ మా ఆవిడా బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. నాన్న రిటైర్డ్ టీచర్, చాలా ఏళ్లుగా ఆస్తమా ఉంది. నెల్లూరు ఎండ, ఉక్కపోత తట్టుకోలేకపోతున్నారని అమ్మనీ నాన్ననీ మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఇక్కడ రోడ్ల పనుల దుమ్ము, బండ్ల పొగ. ఇన్‌హేలర్ వాడకం పెరిగిందే కానీ తగ్గలేదు. పైగా అపార్ట్‌మెంట్‌లో ఆయనకు నడవడానికి చోటు లేదు, పలకరించడానికి మనిషి లేడు. పల్లెలో బతికిన మనిషి, రోజంతా బాల్కనీలో కూర్చుంటున్నారు. చూస్తుంటే బాధగా ఉంది.

పోయిన చలికాలం మదనపల్లె దగ్గరున్న హార్సిలీ హిల్స్ వెళ్లాం. కొండ మీద ఉన్నన్నాళ్లూ నాన్న హాయిగా తిరిగారు. కిందికి దిగి బి.కొత్తకోటలో టిఫిన్ చేస్తూ, "ఇట్లాంటి ఊళ్లో ఉంటే బాగుండునురా" అన్నారు. అప్పటి నుంచి అదే ఆలోచన. కొత్తకోట కానీ, పక్కనున్న అంగళ్లు, కురబలకోట ఊర్ల వైపు కానీ చిన్న ఇల్లు చూసుకుంటే ఎలా ఉంటుంది? ఎండాకాలం నిజంగా ఓర్చుకోగలమా? నీళ్లకు ఇబ్బంది అంటున్నారు, ఎంతవరకు నిజం? పెద్దవాళ్లు నడవడానికి వీలుంటుందా? అక్కడ ఉంటున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చెరువుకట్ట

రండి అన్నా. మాది కొత్తకోట పక్కన పల్లె, సేద్యం. కొండపైన వాతావరణం వేరు, కొండ కింద మాది వేరు. ఇది మొదట మనసులో పెట్టుకోండి. వీడియోల్లో చూపించే మంచు కొండమీదిది. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. మదనపల్లె 700 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మా ఊర్లూ ఇంచుమించు అంతే. అంటే కొండ ఎక్కితే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మీ నాన్నగారు హాయిగా తిరిగింది ఆ చల్లదనంలో, అదీ చలికాలంలో.

అయినా మా ఊరు తీసిపారేసేది కాదు. తిరుపతిలో 42, 43 ఉన్న రోజు మాకు 38, 39 ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 తాకే రోజులూ ఉన్నాయి, అది దాచను. కానీ నెల్లూరు ఉక్క ఇక్కడ లేదు. చెమట కారిన వెంటనే ఆరిపోతుంది. పొద్దు వాలితే గాలి తిరుగుతుంది, మిద్దె మీద పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బులు, ఈదర గాలి. వాన మాత్రం తుంపరే. కొత్తగా వచ్చినవాళ్లు ఆకాశం చూసి ఇప్పుడు దంచి కొడుతుందని అనుకుంటారు. కొట్టదు. పడమటి కనుమలు ఆ వానంతా అటే దించుకుంటాయి, మాకు గాలే మిగులుతుంది. మా వానలు సెప్టెంబరు, అక్టోబరు. తర్వాత బంగాళాఖాతంలో తుఫాను పడితే నవంబరులో. డిసెంబరు, జనవరి చలి గట్టిగానే ఉంటుంది. ఏడాదిలో నాకిష్టమైన కాలం అక్టోబరు. గుట్టల మీద పచ్చగడ్డి, వంకల్లో నీళ్లు, బస్టాండు దగ్గర గంపల్లో సీతాఫలాలు. ఆ నెలలో వచ్చి చూసినవాడు ఇక్కడే ఉండిపోతానంటాడు. అందుకే చెబుతున్నా, మీరు మే నెలలో వచ్చి చూడండి.

ఆరోగ్యవరం_వీధి

బాబూ, నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, మదనపల్లెలోనే ఉంటాను. మీరు గాలి కోసం ఇటు చూస్తున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. వందేళ్ల కిందటే జనం గాలి కోసం ఇక్కడికి వచ్చారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో ఇప్పుడున్న చోట మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టాడు. అప్పట్లో క్షయకు మందు లేదు. దాన్ని నయం చేసే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940ల్లో. అంతకుముందు వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, వెలుతురు, పొడి గాలి. అవి ఇక్కడ దొరుకుతాయనే ఈ ఎత్తు నేల ఎంచుకున్నారు. దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ శానిటోరియం ఇప్పుడు మామూలు ఆసుపత్రిగా నడుస్తోంది, నర్సింగ్ చదువులూ ఉన్నాయి.

అయితే క్షయ వేరు, ఆస్తమా వేరు. "ఆ ఊరి గాలికి ఆయాసం పోతుంది" అని ఎవరన్నా అంటే నమ్మి మందులు ఆపకండి. ఇన్‌హేలర్ ఎక్కడున్నా ఇన్‌హేలరే. పొగ, ఉక్క తగ్గితే చాలామందికి సుఖంగా ఉంటుంది, అది నేను చూశాను. కానీ ఇక్కడివీ కొన్ని ఉన్నాయి. వానల తర్వాత ఖాళీ జాగాల్లో వయ్యారిభామ కలుపు మొక్క విరగపూస్తుంది, ఆ పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, దురద, ఆయాసం. జూన్, జులై గాలికి ఎర్రమట్టి లేస్తుంది. డిసెంబరులో తెల్లవారుజాము చలిగాలి ఆస్తమా ఉన్నవాళ్లకు అస్సలు మంచిది కాదు. ఎండ వచ్చాక, ఎనిమిది దాటాక నడవమనండి. తోటల పక్కన ఇల్లు తీసుకుంటే టమోటాకు మందు కొట్టే రోజుల్లో ఆ వాసన ఇంట్లోకి వస్తుంది. ఇల్లు చూసేటప్పుడు ఈ ఒక్క సంగతి తప్పకుండా చూసుకోండి.

ఎమర్జెన్సీ వస్తే మదనపల్లెలో ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద జబ్బయితే తిరుపతి, వేలూరు లేదా మీ బెంగళూరు. ఏది చూసినా రెండున్నర, మూడు గంటల ప్రయాణం. రాత్రిపూట ఆయాసం తిరగబడితే ఏం చేయాలో ముందే డాక్టరుతో మాట్లాడి, కాగితం మీద రాయించుకుని, నెబ్యులైజర్ ఇంట్లో పెట్టుకోండి. కరెంటు పోతే అది పనిచేయాలి కదా, ఇన్వర్టర్ కూడా ఉండాలి.

పడమటిగాలి

అమ్మా, చాలా థాంక్స్. నెబ్యులైజర్ ఉంది. తెల్లవారుజాము నడక సంగతి మాకు తట్టలేదు, ఆయన ఐదింటికే లేచి బయల్దేరే మనిషి. ఎవరైనా నీళ్ల గురించి వివరంగా చెబుతారా?

రాతినేల

నేను భూగర్భజలాల సర్వే పని చేస్తాను. పడమటి మండలాలన్నీ తిరిగినవాడిని. నీళ్ల గురించి కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇల్లు నిలిచేదీ నిలవనిదీ దానిమీదే.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. అంత గట్టి రాతిలో నీళ్లు నిలవడానికి జాగా ఉండదు. పైన అరిగిపోయిన మెత్తటి పొరలో కొంత, లోపల పగుళ్లలో కొంత, అంతే. ఒకప్పుడు పై పొరలో నీళ్లు బావులకు అందేవి. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడేవాళ్లు, తర్వాత మోటార్లు పెట్టారు. ఆ పొర ఎండిపోయాక బోర్లు వచ్చాయి. మూడొందల అడుగులు, ఆరొందలు, ఇప్పుడు వెయ్యి దాటి వేస్తున్నారు. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే రాతి పిండి. పక్కింటి బోరులో రెండించుల నీళ్లు ఉన్నాయంటే మీ బోరులోనూ పడతాయని లెక్క లేదు.

వాన ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్ల అటూఇటూ. అది కూడా కొన్ని రోజుల్లో పడిపోతుంది. అందుకే మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పైచెరువు నిండి మొరవ (అలుగు) పోతే కిందచెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. 2021 నవంబరు వానలకు ఏళ్ల తరబడి ఎండిన చెరువులు కూడా నిండి మొరవ పారాయి. ఆ తర్వాత బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. మూడు నాలుగు ఎండాకాలాలు దాటితే మళ్లీ దిగుతాయి. చెరువులో పూడిక తీసిన ఊరికీ, వంక కబ్జా అయిన ఊరికీ ఈ తేడా కంటికి కనిపిస్తుంది. మీరు ఇల్లు చూసే చోట చెరువు ఎక్కడుంది, దానికి నీళ్లు వచ్చే వంక తెరిచే ఉందా అని ఊళ్లో ముసలివాళ్లను అడగండి. ఏజెంట్‌ను కాదు.

హంద్రీ నీవా కాలువ గురించి కూడా చెబుతారు. శ్రీశైలం నీళ్లను పాత కర్నూలు జిల్లాలోని మల్యాల దగ్గర ఎత్తిపోసి, అనంతపురం దాటించి, పుంగనూరు బ్రాంచి కాలువ ద్వారా ఇటు తెచ్చారు. నీళ్లు వదిలినప్పుడు దారిలో చెరువులకు, బోర్లకు మేలు జరుగుతుంది. కానీ అది కృష్ణలో వరద మీద ఆధారపడిన నీళ్లు. దాన్ని నమ్మి ఇంటి లెక్క వేసుకోవద్దు.

ఇంకోటి ఫ్లోరైడ్. లోతు బోరు నీళ్లలో చాలా చోట్ల ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. రుచి, రంగు చూసి తెలియదు, పరీక్ష చేయించాల్సిందే. కాచినా పోదు, కాస్తే నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

నా సలహా ఒక్కటే. బోరు మీద పెట్టే డబ్బులో కొంత ఇంటి కప్పు మీద పెట్టండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడువందల మిల్లీమీటర్ల వాన పడితే 65 వేల లీటర్లు. పారబోత, ఆవిరి పోగా 50 వేలు మిగులుతాయి. ఇద్దరు మనుషుల తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే ఏడాదికి 7,300. అంటే పది వేల లీటర్ల సంపు ఒకటి మూతపెట్టి కట్టుకుంటే తాగునీళ్ల దిగులు లేదు, అందులో ఫ్లోరైడూ ఉండదు. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేయాలి, మిద్దె ఊడ్చి పెట్టుకోవాలి. మిగిలినవి ఇంకుడుగుంతలోకి మళ్లించండి.

మండీ_మాట

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను మదనపల్లె టమోటా మార్కెట్‌లో పనిచేస్తా. 2023లో కిలో రెండొందల దాకా పోయినప్పుడు దేశమంతా మా మార్కెట్ పేరే. ఆ రేటు చూసి మరుసటి పంటకు ఎంతమంది కొత్త బోర్లు వేశారో! చాలా ఊర్లలో నీళ్లు ఇంకా కిందికి పోవడానికి అదీ కారణం. డ్రిప్పు లేకుండా ఇప్పుడు టమోటా లేదు.

నేను చెప్పాలనుకున్నది జాగా గురించి. మీరు బయటివాళ్లు కాబట్టి "కొండ కింద వ్యూ ఉన్న ఎకరా, చవక" అని ఎవరో ఒకరు వస్తారు. కాగితం డి.కె.టి. పట్టానా అని మొదట అడగండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటినవాటికి వీలు కల్పించారు. దాంట్లో అక్రమాలు జరిగాయని మళ్లీ విచారణలు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఇంత గందరగోళం ఉన్న చోట తొందరపడి డబ్బు పెట్టకండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోండి, ముప్పై ఏళ్ల లావాదేవీలు చూపించే ఈసీ తీయండి, సాగు వివరాలుండే అడంగల్ చూడండి. వాగు పోరంబోకు (ప్రభుత్వ జాగా), చెరువు శిఖం (చెరువు లోపలి నేల) అయితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

నన్నడిగితే మొదట అద్దెకే రండి. కొత్తకోటలో అద్దెలు మీ బెంగళూరులో కార్ పార్కింగ్‌కు ఇచ్చేంత కూడా ఉండవు.

పికిలిపిట్ట

నడక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను. పక్షులు చూడటం నాకు పిచ్చి. పదిహేనేళ్లుగా ఈ గుట్టల చుట్టూ తిరుగుతున్నాను.

పెద్దవాళ్లకు అన్నిటికన్నా మంచి దారి చెరువు కట్ట. ఎత్తు పల్లాలు ఉండవు, దుమ్ము తక్కువ, ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు చింతచెట్లు, మడి. చలికాలంలో నీళ్లున్న చెరువుకు బాతులు దిగుతాయి. కొంగలు, నీటికాకులు, మీనం కోసం కాచుకునే లకుముకి పిట్టలు ఎప్పుడూ ఉంటాయి. నాన్నగారికి ఒక బైనాక్యులర్స్ కొనివ్వండి. టీచరు కదా, నెల తిరగకుండా నోట్‌బుక్ పెట్టేస్తారు.

కొండమీదికి వారానికి ఒకసారి కారులో వెళ్లండి. ఘాట్ రోడ్డు బాగుంది. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి ఇల్లు కట్టుకున్నాడు, ఆయన పేరే నిలిచింది. అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు చూసుకున్నాయని, ఆమె చుట్టుపక్కల జనానికి రోగాలు నయం చేసేదని కథ. ఆమె గుడి ఇప్పటికీ ఉంది. హార్సిలీ కాలంలో నాటిన నీలగిరి చెట్టు ఒకటి ఆకాశానికి అంటుకున్నట్టు నిలబడి ఉంది, దానికి కల్యాణి అని పేరు. గాలిబండ దగ్గర ఎప్పుడు నిలబడినా మనిషిని తోసేంత గాలి. ఆస్తమా ఉన్నవాళ్లు అక్కడ మెడకు, ముక్కుకు కండువా చుట్టుకోవాలి.

ఆ బండల మధ్య ఒక పిట్ట ఉంటుంది, పసుపు గొంతు పికిలి. దక్షిణాదిలో రాళ్ల గుట్టలు, పొదలు ఉన్న చోట తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో ఉంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం హార్సిలీ హిల్స్‌కు వస్తారు. ఊర్లో ఉన్నవాళ్లకే చాలామందికి తెలియదు.

కురబలకోట దగ్గర రిషివ్యాలీ ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి. ఒక పెద్ద మర్రిచెట్టు చూసి ఆ చోటు ఎంచుకున్నారంటారు. వాళ్లు చేసిన పనే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. బోడిగుట్టల మీద మేపు ఆపి, నిప్పు పడకుండా కాపాడి, వంకలకు చిన్న చిన్న కట్టలు కట్టి, చెట్లు పెంచారు. లోయ పచ్చబడింది. రెండొందలకు పైగా రకాల పక్షులు అక్కడ నమోదయ్యాయి, 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. మన వాతావరణంలో, మన వానతోనే అది జరిగింది. అంటే ఇక్కడి కరువు మొత్తం ఆకాశం నుంచే రాలేదని తెలుస్తుంది కదా. అది బడి ఆవరణ, అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. బయట రోడ్డు మీద నడిచినా సరిపోతుంది.

ఓపిక ఉన్న మీలాంటి వయసువాళ్లకు గుర్రంకొండ కోట ఉంది, తంబళ్లపల్లె మల్లయ్యకొండ ఉంది. శివరాత్రికి మల్లయ్యకొండ నిండా జనం. అడవిలోకి మాత్రం ఒంటరిగా, పొద్దుగూకాక వద్దు. ఎలుగుబంట్లు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి అడగాలి.

కొండకింద

కొండ గురించి అన్నీ మంచే చెప్పారు, నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. శని ఆదివారాలు బెంగళూరు బండ్లు వరసగా వస్తాయి. అడవిలో ఆగి తాగడం, సీసాలు పగలగొట్టి బండల మీద పారేయడం, కోతులకు చిప్స్ వేయడం. మార్చి, ఏప్రిల్‌లో గడ్డి ఎండి ఉన్నప్పుడు ఒక సిగరెట్ పీక చాలు, కొండ చుట్టూ నిప్పు పాకుతుంది. రాత్రంతా మా ఊరి నుంచి ఆ ఎర్ర గీత కనిపిస్తుంది. పొగ మా ఇళ్లల్లోకి వస్తుంది. ఆస్తమా మనిషికి ఆ రోజులు నరకం. పడమటిగాలి అన్నా, మీ ఇల్లు కొండ అంచుకు మరీ దగ్గరగా తీసుకోకండి.

మండీ_మాట

అన్నా, టూరిస్టులు వస్తేనే కదా కింద ఊర్లలో నాలుగు అంగళ్లు నడిచేది. మా తమ్ముడు కొండ రోడ్డులో చెనిక్కాయలు, మొక్కజొన్న పొత్తులు అమ్ముకుంటాడు. వాడి ఇల్లు గడిచేది ఆ రెండు రోజుల మీదే. జనం రావద్దంటే ఎట్లా?

పికిలిపిట్ట

రావద్దని ఎవరూ అనలేదు అన్నా. కింద చెక్‌పోస్టులోనే సీసాలు, ప్లాస్టిక్ ఆపేస్తే మీ తమ్ముడి వ్యాపారం ఏమీ తగ్గదు. ఇంకా పెరుగుతుంది. ఎండాకాలానికి ముందే నిప్పు పాకకుండా గడ్డి తీసి ఫైర్‌లైన్లు గీయడానికి ఊరి కుర్రాళ్లకు కూలి ఇస్తే వాళ్లకూ పని దొరుకుతుంది. కొండ కాలిపోతే చూడటానికి ఎవరొస్తారు?

కొండకింద

దానికి నేనూ ఒప్పుకుంటా. కూలి మాత్రం సమయానికి పడాలి.

తులసికోట

నాయనా, మాది కడప. ఆయన రిటైరయ్యాక అంగళ్లు దగ్గర ఇల్లు కట్టుకుని వచ్చాం. మీరంతా గాలి, నీళ్లు, పిట్టలు చెప్పారు. మీ అమ్మ గురించి ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నా.

మొదటి ఏడాది నాకు కష్టమైంది. ఆయనకు పేపరు, నడక, టీ కొట్టు దగ్గర స్నేహితులు దొరికారు. నాకు వంటిల్లు, టీవీ. పల్లెటూరు కదా, అందరూ పలకరిస్తారు, కానీ కూర్చుని మాట్లాడేంత చనువు రావడానికి టైం పడుతుంది. గుడికి వెళ్లడం మొదలుపెట్టాక, పొదుపు సంఘం ఆడవాళ్లతో కలిశాక తేలికైంది. ఇప్పుడు ఎవరింట్లో సీమంతమైనా నన్ను పిలవకుండా జరగదు. ఊరికి మరీ దూరంగా, తోటలో ఒంటరిగా ఇల్లు తీసుకోవద్దు. ఆమెకు నడిచి వెళ్లే దూరంలో గుడి, అంగడి, నలుగురు ఆడవాళ్లు ఉండాలి. పిల్లలు బెంగళూరులో, ఆయనకు ఆయాసం, చీకట్లో ఒంటరి ఇల్లు. మీ అమ్మ నోరు తెరిచి చెప్పదు, కానీ ఆమె పడే టెన్షన్ ఎవరు చూస్తారు?

తిండికి కొదవ లేదు. పాలు చిక్కగా దొరుకుతాయి, కూరగాయలు పొలం నుంచి వస్తాయి. సంగటి, ఊరిబిండి, చెట్నీ, పుల్లగూర. నెల్లూరు చేపల పులుసు మాత్రం ఇక్కడ ఆశపడకండి. రైలు కావాలంటే ధర్మవరం, పాకాల లైను ఉంది, మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి దూరంగా సీటీఎం అనే ఊరి దగ్గర. నెల్లూరు వెళ్లాలంటే తిరుపతి మీదుగా బస్సే సుఖం.

పడమటిగాలి

అమ్మా, మీరు రాసింది చదివి మా ఆవిడకు ఇచ్చాను. ఆమె వెంటనే అమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది. అమ్మ చెప్పిన మాట ఇది: "మీ నాన్నకు ఊపిరి ఆడితే నాకెక్కడైనా ఒకటే. కానీ పక్కన ఒక మనిషి ఉండాలి." మేం ఇంతకాలం ఆమెను అడగనే లేదు.

మేం అనుకున్నది ఇది. కొనడం ఇప్పుడు లేదు. ఊరి మధ్యలో, గుడికి దగ్గరగా అద్దె ఇల్లు. మార్చిలో వచ్చి, ఎండాకాలం, జూన్ గాలి, చలికాలం, అన్నీ దాటి చూసి తర్వాత నిర్ణయం. నేను శుక్రవారం రాత్రి చింతామణి మీదుగా వచ్చి సోమవారం పొద్దున వెళ్తాను. అద్దె ఇల్లు చూసేటప్పుడు ఇంకేమైనా చూడాలా?

రాతినేల

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఏప్రిల్‌లో ఎట్లా వచ్చింది, ట్యాంకర్ తెప్పించారా అని ఓనర్‌ను కాకుండా పక్కింటివాళ్లను అడగండి. బోరు నీళ్లు ఒక లీటరు శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఎక్కువుంటే ఆర్వో పెట్టుకోవచ్చు, కానీ అది వదిలేసే నీళ్లు పారబోయకండి, గిన్నెలకు వాడండి.

ఆరోగ్యవరం_వీధి

పైకప్పు రేకులైతే వద్దు బాబూ, ఎండాకాలం మాడిపోతారు. మిద్దె ఇల్లే చూడండి. కిటికీలు తూర్పు పడమర ఎదురెదురుగా ఉంటే గాలి ఆడుతుంది. పక్కన రైస్ మిల్లు, ఇటుక బట్టీ, కోళ్ల షెడ్డు లేకుండా చూసుకోండి. వచ్చాక మొదటి వారంలోనే మదనపల్లెలో ఒక ఛాతీ డాక్టరుకు పాత రిపోర్టులన్నీ చూపించి ఉంచండి. అవసరం పడ్డ రాత్రి కొత్త డాక్టరును వెతుక్కోకూడదు.

చెరువుకట్ట

అన్నా, కొత్తకోటలో రామాలయం వీధి పక్కన మాకు తెలిసినవాళ్ల మిద్దె ఇల్లు ఒకటి సంక్రాంతి తర్వాత ఖాళీ అవుతోంది. కింద రెండు గదులు, వరండా, పెరట్లో కానుగ చెట్టు. కుళాయి ఉంది, సంపు ఉంది. బోరు లేదు. చెరువు కట్టకు నడిచి పది నిమిషాలు, మీ నాన్నగారి నడకతో పదిహేను అనుకోండి. పక్కింట్లో ఉండేది రిటైర్డ్ హెడ్మాస్టరు దంపతులు. నాకు మెసేజ్ పెట్టండి, ఓనర్‌తో మాట్లాడి పెడతా. రాబోయే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం రండి, ఈ వారం మా ఇంట్లో చెనిక్కాయ పీకుడు ఉంది.